సెల్లార్‌లో ఒక ప్లగ్ పాయింట్

2021 చివర్లో కరెంటు స్కూటర్ కొన్నప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది, బ్యాటరీ విప్పి చేత్తో పట్టుకుపోవచ్చు అన్న సంగతి. మేముండేది నిజాంపేట వైపు ఒక పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. సెల్లార్‌లో అప్పటికి ఒక్క ప్లగ్ కూడా లేదు. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే సీటు ఎత్తి, పది కిలోలు దాటే ఆ డబ్బాని పైకి మోసుకొచ్చి, పడకగదిలో ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునే చోటే దాన్నీ పెట్టేవాణ్ణి. రాత్రంతా చిన్న ఎర్ర లైటు వెలుగుతూ ఉండేది, తెల్లారేసరికి పచ్చగా మారేది. మా పాపకి అప్పుడు నాలుగేళ్లు. తను పడుకునే చోటికీ ఆ బ్యాటరీకీ మధ్య మూడడుగుల దూరం కూడా ఉండేది కాదు.

అయిదు నెలలు అలాగే గడిచిపోయాయి.

2022 ఏప్రిల్ 23, శనివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. అమ్మావాళ్లు ఉండేది విజయవాడలో. "ఒరేయ్, టీవీ చూశావా? ఇక్కడ సూర్యారావుపేటలో బండి బ్యాటరీ పేలి మనిషి పోయాడంట. నువ్వు కూడా గదిలోనే పెడతావు కదరా? ముందు దాన్ని తీసి బయట పెట్టు, తర్వాత మాట్లాడదాం" అంది. నేను ఫోన్ పక్కన పడేసి మొదట చేసిన పని ప్లగ్ పీకడం. ఆ తర్వాతే వార్త చదివాను. బండి కొన్న మర్నాడే, తెల్లవారుజామున, పడకగదిలో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీ పేలింది. ఇంటాయన చనిపోయారు, భార్యా పిల్లలూ గాయపడ్డారు. అంతకు రెండు మూడు రోజుల ముందే నిజామాబాద్‌లో ఇలాగే, ఇంట్లో అందరూ నిద్రపోతుండగా, విప్పి తెచ్చి ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన ప్రాణం పోయింది. మార్చి నెలాఖరులో వెల్లూరులో రాత్రి ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని తండ్రీ, పదమూడేళ్ల కూతురూ పొగకు ఊపిరాడక చనిపోయారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీలు వేరు, ఊళ్లు వేరు, బండ్లు వేరు. మూడింట్లోనూ మనుషులు నిద్రలో ఉన్నారు, బ్యాటరీ ఇంట్లోనో ఇంటిని ఆనుకునో ఛార్జింగ్‌లో ఉంది. ఆ రోజు నుంచి నేను ఈ విషయం గురించి చదువుతూనే ఉన్నాను, తెలిసినవాళ్లని అడుగుతూనే ఉన్నాను. ఎన్ని చదివినా తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాను. బ్యాటరీ ఎంత మంచిదన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, అది రాత్రిపూట ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. మొదటిది కంపెనీల చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉంది. రెండోది మన చేతిలో, మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల చేతిలో ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

ముందు లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతాదంతా ఉత్త భయంలాగే కనిపిస్తుంది. నా బండిది సుమారు రెండు యూనిట్ల కరెంటు పట్టే ప్యాక్. దాని లోపల టార్చిలైటు సెల్ లాంటివి, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండేవి, రెండొందలకు పైగా ఉంటాయి. ఒక్కో సెల్ లోపల ప్లస్ రేకునీ మైనస్ రేకునీ విడదీస్తూ ఒక పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, సెపరేటర్ అంటారు. అది 130 డిగ్రీల చుట్టుపక్కల కరగడం మొదలుపెడుతుంది. సెల్ తయారీలో ఏదో లోహపు రేణువు చిక్కుకుపోయిందనుకోండి, లేదా బండి కింద పడి ప్యాక్ సొట్టపోయిందనుకోండి, లేదా ఛార్జింగ్ ఆగాల్సిన చోట ఆగలేదనుకోండి, ఏదో ఒక్క సెల్ వేడెక్కి ఆ పొర కరిగితే లోపలే షార్ట్ అవుతుంది. అప్పుడు లోపలున్న ద్రవం ఆవిరై బయటికి తన్నుకొస్తుంది, అది మండే ద్రవం. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపి చేసే రకం సెల్స్‌లో వేడి 200 డిగ్రీలు దాటాక ఆ పదార్థమే ఆక్సిజన్ వదలడం మొదలుపెడుతుంది. అంటే మంటకి కావలసిన ప్రాణవాయువు లోపలే పుడుతోంది. అందుకే తడిగుడ్డ కప్పినా, ఇసుక పోసినా అది లొంగదు. ఒక సెల్ వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది, ఇలా వరసగా అంటుకుంటూ పోతాయి. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు.

మంటకంటే ముందు పొగ చంపుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది. తలుపులు మూసి ఏసీ వేసుకున్న పదడుగుల గదిలో అది నిండటానికి ఎంతసేపు పడుతుంది? నిద్రలో ఉన్న మనిషి లేచి, ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని తలుపు దాకా వెళ్లాలి. అదే బ్యాటరీ కింద ఆరుబయట బండిలో ఉంటే, బండి కాలిపోతుంది, అంతే.

సరే, అమ్మ మాట విని నేను బ్యాటరీని బాల్కనీలోకి మార్చాను. అక్కడ ప్లగ్ లేదు కాబట్టి హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగాను. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మే నెలలో ఒక రాత్రి రెండింటప్పుడు మా ఆవిడ లేపింది, "ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అని. బ్యాటరీ చల్లగానే ఉంది. కాలుతున్నది ఆ 250 రూపాయల ఎక్స్‌టెన్షన్ బాక్స్. ప్లగ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ నల్లబడి, మెత్తబడి, కర్టెన్‌కి జానెడు దూరంలో ఉంది. మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ భాయ్ చూసి ఒక మాట చెప్పాడు: "సార్, ఇస్త్రీపెట్టె కూడా ఎక్కువ కరెంటే లాగుతుంది, కానీ పది నిమిషాల్లో పని అయిపోతుంది. మీ ఛార్జర్ నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. పిన్ను కొంచెం లూజుగా ఉందంటే అక్కడ వేడి పెరుగుతూనే ఉంటుంది." బ్యాటరీ గురించి ఇంత భయపడ్డవాణ్ణి, గోడలో ఉన్న సాకెట్ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మీరు ఇది చదువుతూ ఇంట్లో బండి ఛార్జింగ్ పెట్టి ఉంటే, ఇప్పుడే వెళ్లి ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి సాకెట్ మార్పించండి.

ఆ వారమే సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, ప్యాక్ ఒకసారి తెరిచి చెక్ చేస్తారా అని అడిగాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి నిజాయితీగానే చెప్పాడు, ప్యాక్ తెరవడానికి వాళ్ల దగ్గర మనిషి లేడని, ఫ్యాక్టరీకి పంపితే నెల పడుతుందని. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో చాలామంది పరిస్థితి అదే.

ఆ వేసవి తర్వాత కొంత మారింది, అది చెప్పకపోతే అన్యాయం. 2022 ఏప్రిల్‌లోనే ఒకినావా 3,215 స్కూటర్లని, ఓలా 1,441 స్కూటర్లని వెనక్కి పిలిపించాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిపుణులతో విచారణ చేయించి, ఏఐఎస్-156 అనే బ్యాటరీ ప్రమాణాన్ని గట్టిగా సవరించింది. అది రెండు దశల్లో, 2022 డిసెంబరు 1 నుంచి ఒకటి, 2023 మార్చి 31 నుంచి రెండోది అమల్లోకి వచ్చింది. లోపల ఒక సెల్ చెడితే ఆ మంట మిగతా ప్యాక్‌కి పాకుతుందేమో పరీక్షించాలి, వేడి హద్దు దాటితే లైటుతో, శబ్దంతో హెచ్చరించాలి, ప్యాక్ నీటిలో మునిగినా లోపలికి నీరు పోకూడదు, ప్రతి సెల్ ఎక్కడ ఎప్పుడు తయారైందో తెలియాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా కొత్త బండి కొంటానంటే నేను ధైర్యంగానే కొనమంటాను.

నా భయం పాత బండ్ల గురించి. 2023కి ముందు అమ్మినవి ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి, నాది కూడా వాటిలో ఒకటే. బ్యాటరీ నీరసించి రేంజ్ (ఒక ఛార్జింగ్‌కి వెళ్లే దూరం) సగానికి పడిపోయాక, కంపెనీ బ్యాటరీ కొనాలంటే బండి ధరలో పెద్ద వంతు అవుతుంది కాబట్టి, లోకల్‌గా చేసిన ప్యాక్ వేయించుకుంటారు. ఎక్కడెక్కడి పాత సెల్సో ఏరి, వెల్డింగ్ చేసి, పైన నీలిరంగు ప్లాస్టిక్ చుట్టి ఇస్తారు. వాటిలో ప్రతి సెల్‌నీ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్, బీఎంఎస్ అంటారు, సరిగా ఉందో లేదో కొనేవాడికి తెలిసే దారే లేదు. ఇక గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల మోటారున్న బండ్లకి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. తక్కువ ధరకి వస్తాయని పెద్దవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ అవే కొనిపెడుతున్నారు. ఆ బండి కొనేటప్పుడు బ్యాటరీ ఏ రకం, ఏ పరీక్షకి నిలిచింది, కాగితం చూపించండి అని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇది చదివి, అయితే పెట్రోలు బండే నయం అనుకోకండి. స్వీడన్‌లో 2022లో లెక్క తీస్తే సుమారు 6.11 లక్షల ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో 23 కాలాయి. పెట్రోలు, డీజిల్ కార్లు సుమారు 44 లక్షలుంటే 3,400 కాలాయి. పాత కార్లు, కావాలని తగలబెట్టినవి కూడా అందులో ఉన్నాయి కాబట్టి పోలిక పూర్తిగా సమానం కాదు, కానీ తేడా చాలా పెద్దది. అయినా ఆ లెక్క తెచ్చి మన దగ్గర ఎవరైనా చూపిస్తే నేను ఒప్పుకోను. అది కార్ల లెక్క. పెట్రోలు బండి ట్యాంకుని విప్పి తెచ్చి పిల్లల మంచం పక్కన పెట్టి పడుకునేవాళ్లు ఎవరూ ఉండరు. బ్యాటరీతో మనం ఆ పని చేస్తున్నాం. సరదాకి చేయడం లేదు, కింద ప్లగ్ లేక చేస్తున్నాం.

అందుకే 2023 మొదట్లో మా అసోసియేషన్ మీటింగ్‌లో సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ కావాలని అడిగాను. పెద్ద గొడవే అయింది. సెక్రటరీ గారు మర్యాదగానే, కానీ గట్టిగా అన్నారు: "బాబూ, నీ ఒక్క బండి కోసం నలభై కుటుంబాల కింద మంట పెట్టుకోమంటావా? సికింద్రాబాద్‌లో ఏమైందో చూశాం కదా." ఆయన చెప్పింది 2022 సెప్టెంబరు 12 రాత్రి సంగతి. కింద కరెంటు స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింద మంట, మెట్లంతా పొగ. ఎనిమిది మంది చనిపోయారు. ఆయన భయం నిజమైన భయమే. తర్వాత 2024 ఆగస్టులో దక్షిణ కొరియాలోని ఇంచన్‌లో, అపార్ట్‌మెంట్ కింద భూగర్భ పార్కింగ్‌లో, ఛార్జింగ్‌లో కూడా లేని ఒక ఎలక్ట్రిక్ కారు అంటుకుని వందకు పైగా వాహనాలు దెబ్బతిన్నాయి. మంట వస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉన్నాయి, కానీ వాటిని ఆపేశారు కాబట్టి పనిచేయలేదు. ఆ వార్త చూశాక సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి, "చూశావా" అన్నారు. నేను ఒకటే చెప్పాను: అంకుల్, మీరు సెల్లార్‌లో వద్దంటే బండ్లు ఆగిపోవు, బ్యాటరీలు లిఫ్ట్‌లో పైకి పోతాయి. ఇప్పటికే నాలుగు పోతున్నాయి. కింద గాలి ఆడే చోట, మెట్లకి దూరంగా మంట వస్తే దారి ఉంటుంది, మూడో అంతస్తు పడకగదిలో వస్తే ఉండదు.

చివరికి ఒప్పుకున్నారు. ఎలా చేశామో వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. సెల్లార్ లోపల మూలకి పెట్టలేదు. ర్యాంప్ మొదట్లో, గాలి ఆడే చోట, మెట్లకీ లిఫ్ట్‌కీ జనరేటర్‌కీ దూరంగా పెట్టాం. మీటర్ బోర్డు నుంచి నేరుగా 4 ఎస్‌క్యూఎంఎం రాగి వైరు, ప్రతి పాయింట్‌కీ విడిగా 16 ఆంప్స్ సాకెట్, దానికో ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే ఆపేసే స్విచ్), మొత్తానికి షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ, కొత్తగా ఎర్తింగ్ గొయ్యి. సబ్ మీటర్లు పెట్టాం కాబట్టి ఎవరి బిల్లు వాళ్లదే. పక్కనే నీళ్ల పైపు. ఈ మంటకి పౌడర్ సిలిండర్ కొడితే పైకి ఆరినట్టు కనిపించి మళ్లీ రాజుకుంటుంది, లోపలి వేడి దిగాలంటే చాలా నీళ్లు కావాలి. అది కూడా కరెంటు ఆపేశాక, దూరం నుంచి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాక. మా వాచ్‌మన్‌కి ఎంసీబీ ఎక్కడుందో, ముందు ఏది కిందికి లాగాలో రెండుసార్లు చేసి చూపించాం. మూడు పాయింట్లకి మొత్తం ఖర్చు మూడిళ్లవాళ్లం పంచుకున్నాం, తలా అయిదు వేలు దాటలేదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేసింది, 2026 చివరి వరకు. మంచిదే, ఎంతోమందికి వేలల్లో మిగిలింది. కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనల్ని మార్చి, కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం వాహనాలకి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని చెప్పింది. కానీ మనవాళ్లలో చాలామంది ఉండేది పాత భవనాల్లో, అద్దెకి. వాళ్లకి ఈ పాయింట్ ఎవరు పెట్టిస్తారు? బండికి ఇచ్చే రాయితీలో పదో వంతు పాత అపార్ట్‌మెంట్ల వైరింగ్‌కి ఇచ్చినా ఎంతోమంది పడకగదుల్లోంచి బ్యాటరీలు కిందికి దిగుతాయి.

ఇకముందు వచ్చే బ్యాటరీల గురించి నాకు నిజంగానే ఆశ ఉంది. 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో బ్యాటరీ శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఎనఫ్ దగ్గర పనిచేస్తూ, మన దేశం నుంచి వెళ్లిన అక్షయ పాఢీ ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసే రకాన్ని ప్రపంచానికి చూపించాడు. దాన్నే ఇప్పుడు ఎల్‌ఎఫ్‌పీ అంటున్నాం. అందులో ఆక్సిజన్‌ని భాస్వరం గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేడెక్కినా అంత తేలిగ్గా వదలదు. అదే బరువుకి రేంజ్ కొంచెం తగ్గుతుంది, కానీ ఎక్కువసార్లు ఛార్జ్ చేసుకోవచ్చు, ధరా తక్కువ. మనకి ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు కాసే ఊళ్లున్నాయి, మనకి కావలసింది అదే. పది కిలోమీటర్ల రేంజ్ తగ్గినా సరే, స్కూటర్లలో కూడా అదే రావాలని నా పట్టుదల. సోడియంతో చేసేవి కూడా వస్తున్నాయి, చైనాలో సీఏటీఎల్ అనే బ్యాటరీ కంపెనీ 2021లోనే ప్రకటించింది, మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలోనూ దాని మీద పరిశోధన జరుగుతోంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు 9,500 కోట్ల పెట్టుబడితో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ పెడుతున్నారు. సెల్ మన పక్క ఊళ్లో తయారైతే, తేడా వచ్చినప్పుడు అడగడానికి ఒక గేటు ఉంటుంది. చైనా అయితే కార్ల లాంటి పెద్ద వాహనాల బ్యాటరీలకి పెట్టిన తన కొత్త ప్రమాణంలో, 2026 జూలై నుంచి, లోపల సెల్ చెడినా రెండు గంటల పాటు ప్యాక్ మంటలంటుకోకూడదు, పేలకూడదు అని రాసుకుంది. ఇంతకుముందు వాళ్ల నిబంధన, మనుషులు దిగడానికి అయిదు నిమిషాల ముందు హెచ్చరిక వస్తే చాలన్నది. అయిదు నిమిషాల నుంచి రెండు గంటలు. మన ఏఐఎస్ కూడా అక్కడికి వెళ్లాలి.

ఇప్పుడు నా బ్యాటరీ బండిలోనే ఉంటుంది. ఇంటికి రాగానే ప్లగ్ పెట్టను, గంటసేపు చల్లారనిస్తాను. ఎనిమిదింటికి పెట్టి, పడుకునేలోపు తీసేస్తాను. దానితో వచ్చిన ఛార్జర్ తప్ప వేరేది వాడను.

మా పైన టెర్రస్ మీద గదిలో ఫుడ్ డెలివరీ చేసే తమ్ముళ్లు ఇద్దరు అద్దెకుంటారు. వాళ్ల బండి సెకండ్ హ్యాండ్, బ్యాటరీ లోకల్‌గా చేయించింది. పోయిన వారం లిఫ్ట్‌లో కలిస్తే చూశాను, డబ్బా ఒక పక్క ఉబ్బి ఉంది. "కింద పెట్టుకోవచ్చు కదా తమ్ముడూ" అంటే, "అన్నా, ఆ పాయింట్లు ఓనర్లకే అన్నారు, మాకు ఇవ్వరంట" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆ రాత్రికే నా పాయింట్ తాళం వాళ్లకిచ్చాను, పదింటి తర్వాత వాళ్లు వాడుకుంటున్నారు. ఉబ్బిన ఆ ప్యాక్ మార్పించే వరకు ఛార్జింగ్ పెట్టొద్దన్నాను కానీ, బండి ఆగితే వాళ్లకి రోజు కూలీ ఆగుతుంది. ఈ ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. నాలుగో పాయింట్, అద్దెకున్నవాళ్ల పేరు మీద, అడగబోతున్నాను.